బ్రేకు పంపు ఉత్తరం

మెకానిక్ బ్రేకు మీద కాలు వేసి తీశాడు. బానెట్ కింద నుంచి గుయ్‌మని మోత వచ్చింది. అయిదు లెక్కపెట్టేలోపు, ఎవరూ తొక్కకుండానే, మళ్ళీ వచ్చింది.

"ఈ మోత ఎన్నాళ్ళ నుంచి బాబాయ్?"

"ఏడాది పైనే," అన్నాడు నాన్న. "తలుపు తియ్యగానే పలకరించేది. బండికి వయసొచ్చింది కదా, ఆయాసమేమో అనుకున్నా. ఎక్కినవాళ్ళు భయపడకుండా పాటలు పెట్టేవాణ్ణి."

"భలేవాడివి! ఆయాసం బండికి కాదు, బ్రేకుకి."

ఈ హైబ్రిడ్ కారును నాన్న పదకొండేళ్ళుగా టాక్సీగా తిప్పుతున్నాడు. నా డిగ్రీ ఫీజులు దీని మీద వచ్చినవే. ఆ ఉదయం రైల్వే స్టేషన్ ముందు డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగి, పెడల్ రాయిలా బిగిసిపోయింది. ఒంటి బరువంతా వేసి తొక్కి ఆపాడట. కారును లారీ మీద ఈ షెడ్డుకు చేర్చి, నాకు ఫోన్ చేశాడు.

బ్రేకుకు ఒత్తిడినిచ్చే పంపు, దాన్ని నడిపే కంప్యూటరు ఒకే దిమ్మగా ఉంటాయట. మొత్తం మార్చాలట. మెకానిక్ చెప్పిన అంకె కారు ఖరీదులో సగం ఉంది.

"మార్చకపోతే నడవదా?" అన్నాడు నాన్న.

"భేషుగ్గా నడుస్తుంది. ఆగడమే కష్టం." నాన్న నవ్వలేదు. "అయినా మీకు ఉత్తరం రాలేదా? ఈ పంపు ఉచితంగా మారుస్తామని కంపెనీ కిందటేడు అందరికీ పంపింది. గడువు రెండు నెలల కిందటే అయిపోయింది."

"మాకేం రాలేదు. వస్తే మా అమ్మాయి చదివేది. మా చదువులమ్మ కన్నుగప్పి ఇంట్లోకి చీమ కూడా రాదు."

మా ఇంట్లో కవరు చించేది నేనే, పదో తరగతి నుంచీ. బ్యాంకు కాగితమైనా, ఆసుపత్రి కాగితమైనా నేను చదివి రెండు ముక్కల్లో చెప్పేదాన్ని. ఆ ఉత్తరం వచ్చిన రోజు ఆఫీసుకు ఆలస్యమవుతోంది. పైన కంపెనీ గుర్తు, కింద 'ప్రియమైన వినియోగదారు' అన్న మాట చూశాను. "ఏముందమ్మా?" అంటే, "కొత్త కారు కొనమంటున్నారు నాన్నా" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం కూడా.

"వచ్చింది నాన్నా," అన్నాను. "నేనే చదవలేదు. చదివినట్టు చెప్పాను."

మెకానిక్ శుభ్రంగా ఉన్న పానాను మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. నాన్న బానెట్ వంకే చూస్తున్నాడు.

"స్కూటీ కోసం దాచింది ఉంది. నేనిస్తాను," అన్నాను.

"డబ్బు సంగతి అడిగానా నిన్ను?" అని, మెకానిక్ వైపు తిరిగాడు. "పని మొదలెట్టు."

అంతే. తిట్టినా బాగుండేది.

బస్సెక్కాం. బస్సు ఆగినప్పుడల్లా నాన్న కుడికాలు దానంతట అదే నేలను నొక్కుతోంది. ఆయన చొక్కా జేబులోంచి ఒక కవరు అంచు కనబడుతోంది. మామూలుగా అయితే నన్ను చూడగానే చేతిలో పెట్టేవాడు. మూడు స్టాపులు దాటాయి.

నాలుగో స్టాపులో తీసి నా ఒళ్ళో పడేశాడు.

"పొద్దున వచ్చింది. చదువు."

"ఇంటికెళ్ళాక..."

"ఇక్కడే. రెండు ముక్కల్లో చెప్పకు. మొత్తం, నాకు వినబడేలా."

కవరు చించి తేదీ చదివాను. ఆ తర్వాత, "ప్రియమైన వినియోగదారు," అన్నాను.

నాన్న తల నా వైపు వంచి, "ఊఁ," అన్నాడు.