గంగ పట్టు

లీగ్‌లో ఆడే అమ్మాయిలను జట్లు ఎంచుకునే రోజున గంగ విశాఖపట్నంలో ఒక హోటల్ హాల్లో మూడో వరసలో కూర్చుంది. పద్ధతి తేలికే. ఒక్కో జట్టు వంతు ప్రకారం లేచి ఒక పేరు చెప్పాలి. ఆ అమ్మాయి వెళ్లి జెర్సీ అందుకుని ముందు కుర్చీల్లో కూర్చోవాలి. మొదట ఏ పేరు పలుకుతారో ఆ ఏడాదికి ఆ అమ్మాయే గొప్ప. కబడ్డీలో జట్టు బతుకంతా కూతకి వెళ్లే రైడర్ ఊపిరి మీద నడుస్తుంది కనుక మొదటి పేరు ఎప్పుడూ రైడర్‌దే అవుతుంది. ఆ బ్యాచ్‌లో గంగని మించిన రైడర్ లేదని, ఎంపికకి ముందు పెట్టిన శిక్షణ క్యాంపులో వంట చేసే ఆవిడకి కూడా తెలుసు.

మొదటి పేరు హేమలత అని పలికారు. సాలూరు అమ్మాయి, క్యాంపులో గంగతో ఒకే గదిలో ఉన్న పిల్ల. ఆశ్చర్యంగానే ఉన్నా అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది గంగే. రెండో పేరూ తనది కాలేదు, మూడోదీ కాలేదు. ఒక చుట్టు అయింది, ఇంకో చుట్టు మొదలైంది. తన చేతిలో రోజూ ఓడిపోయిన అమ్మాయిలు ఒక్కొక్కరే లేచి ముందుకు పోతుంటే గంగ ఒడిలో చేతులు ముడుచుకుని కూర్చుంది. హాల్లో సగం మంది భోజనాలకి లేచాక, ఆఖరి చుట్టులో ఆఖరి జట్టు కోచ్ రాజకుమారి ఆమె పేరు చదివింది.

జట్టు వ్యాన్‌లో వెళుతుంటే రాజకుమారి ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని, నీకు నెత్తురు జబ్బు ఉందా అని సూటిగా అడిగింది. నీకు సికిల్ సెల్ ఉందని, నీ తమ్ముడూ దాంతోనే పోయాడని, పరిగెత్తితే మధ్యలో కూలిపోతావని అన్ని జట్లకీ మాట పోయిందని, తను మాత్రం ఒక డాక్టర్ని అడిగి తెలుసుకుని పేరు చదివానని చెప్పింది రాజకుమారి.

“ఎవులు సెప్పేరు మేడమ్?” అంది గంగ.

“నీ గదిలో పడుకున్న అమ్మాయే.”

గంగది అరకు దాటి డుంబ్రిగుడ వైపు, కొండ పక్కన ఒక చిన్న ఊరు. నెత్తురులో కణాలు కొడవలిలా వంగిపోయే ఆ జబ్బు ఆ చుట్టుపక్కల చాలా ఇళ్లలో ఉంది. గంగ తమ్ముడు బుధు దాంతోనే పోయాడు. హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. కీళ్ల నొప్పులంటే బడికి ఎగనామం పెట్టడానికని మొదట ఎవరూ నమ్మలేదు. నమ్మేసరికి ఆలస్యమైంది. తర్వాత ఇంట్లో అందరికీ పరీక్షలు చేశారు. గంగలో దాని జాడ ఉంది గాని జబ్బు లేదు, నీళ్లు బాగా తాగుతూ ఆడుకోవచ్చని డాక్టర్ చెప్పాడు.

క్యాంపులో ఒకరోజు, ఎక్కడికెళ్లినా ఆ పెద్ద నీళ్ల సీసా ఎందుకు మోస్తావని హేమలత అడిగింది. గంగ చెప్పింది. చెబుతూ చెబుతూ బుధు గురించి కూడా చెప్పింది. ఆఖరి రోజుల్లో వాణ్ని వీపు మీద వేసుకుని రోడ్డు దాకా దిగానని, దారిలో వాడు బరువు తగ్గిపోయినట్టు అనిపించిందని ఇంట్లో వాళ్లకి కూడా చెప్పని మాట చెప్పింది. హేమలత కళ్లనీళ్లు పెట్టుకుంది. తనే గంగ తల నిమిరింది. అవి నిజమైన కన్నీళ్లేనని గంగ తర్వాత కూడా నమ్మింది. అందుకే మరీ మండింది. తనని ఆఖరికి తోసినందుకు కాదు. బుధు చావుని తీసుకెళ్లి తన ముందు వరసకి మెట్టు చేసుకుంది హేమలత.

మొదటి ఏడాది హేమలత మెరిసింది. మంచి జట్టు, ముందూ వెనకా అనుభవం ఉన్న ఆటగత్తెలు, ప్రతి మేచ్‌లో మొదటి కూత ఆమెదే. గంగది చిన్న జట్టు. చాలా మేచ్‌లు బెంచీ మీద నుంచి చూసింది. ఆడినప్పుడు బాగానే ఆడింది గాని ఎవరికీ గుర్తుండేంత ఆడనివ్వలేదు. విజయనగరం నుంచి యూట్యూబ్ ఛానల్ నడిపే రవికుమార్ అనే అతను ప్రతి వారం ఆ బ్యాచ్ రైడర్ల ఫొటోలు పక్కపక్కన పెట్టి ఎవరు ఎక్కడున్నారో చెప్పేవాడు. హేమలత ఎప్పుడూ పైనే. గంగ దగ్గరికి వచ్చేసరికి, “ప్రతిభ ఉంది, కానీ ఆరోగ్యం సంగతి మనందరికీ తెలిసిందే” అని ఒక్క ముక్కలో తేల్చేసేవాడు. కింద కామెంట్లలో ఎవరో పాపం అని రాసేవారు. ఆ పాపం అన్న మాటని గంగ పళ్ల బిగువున చదివేది.

హేమలత ఆడిన ప్రతి మేచ్ ఫోన్లో పెట్టుకుని చూసింది. చేతులు చూడలేదు, కాళ్లు చూసింది. చూడగా చూడగా ఒకటి దొరికింది. వెనక్కి తిరిగే ముందు హేమలత ఎడమ మడమని ఒక్క క్షణం పూర్తిగా నేలకి ఆనిస్తుంది. ఆ క్షణంలో ఆ కాలు ఎటూ కదలదు. దాన్ని పట్టుకోవాలంటే కార్నర్‌లో, అంటే ఆడే మేట్ చివర మూలన ఉండి కాలు పట్టే డిఫెండర్ అయి ఉండాలి. గంగకి కూత పెట్టడమే తెలుసు.

సీజన్ అయిపోయి ఊరికి వచ్చాక మేకల మీద మొదలుపెట్టింది. ఇంటి వెనక దొడ్లో వంగి కూర్చుని, పక్క నుంచి మేక దూకినప్పుడు వెనక కాలు మడమ దగ్గర రెండు చేతులా అందుకోవడం. మొదట్లో గడ్డం మీద తాపులు తింది. వానాకాలమంతా బురదలో పొర్లింది. ఊళ్లో వాళ్లు నవ్వారు. తండ్రి సుక్రు నవ్వలేదు. ఒకరోజు అరుగు మీద కూర్చుని చాలాసేపు చూసి, “ఆట కోసం నేర్సుకున్నోలు ఇలాగ పట్టరు గుంటా. కసి మీద పడతన్నావు” అన్నాడు.

ఎవరి మీదో చెప్పింది గంగ. ఎందుకో కూడా చెప్పింది. సుక్రు లేచి వెళ్లి, దొడ్లో అన్నిటికంటే బలమైన పోతుని తాడు విప్పి ఆమె ముందుకి తోలాడు.

రెండో ఏడు ఎండలకి భయపడి కొన్ని మేచ్‌లు అరకులో పెట్టారు. కాలేజీ గ్రౌండ్లో రేకుల షెడ్డు వేసి మేట్ పరిచారు. హేమలత జట్టుతో మేచ్ రోజున చుట్టుపక్కల ఊళ్లవాళ్లు జీపుల్లో దిగారు. గంగ వెళ్లి తనని ఎడమ కార్నర్‌లో నిలబెట్టమని రాజకుమారిని అడిగింది. నువ్వు నా రైడర్‌వి, అక్కడ ఔటైపోతే కూతకి ఎవరు వెళ్తారని కోచ్ ఒప్పుకోలేదు. హేమలత ఎప్పుడు ఏ కాలు ఆనిస్తుందో గంగ ఫోన్లో ఒక్కొక్కటే చూపించింది. రాజకుమారి ఆటని కొంచెంసేపు, గంగ ముఖాన్ని ఎక్కువసేపు చూసింది. చివరికి సరేనంది.

హేమలత మొదటి కూతకి నవ్వుతూ వచ్చింది. మూలన గంగని చూసి కూడా లెక్కచేయలేదు. తిరగబోతూ మడమ ఆనించింది. మరుక్షణం నేల మీద ఉంది. షెడ్డు రేకులు అదిరేలా జనం అరిచారు. గంగ అరవలేదు. లేస్తూ హేమలత చెవి దగ్గర, “నెత్తురు బాగున్నాదా?” అంది.

రెండోసారి కూడా అదే కాలు, అదే మాట. హేమలత ముఖంలో నవ్వు పోయింది. మూడోసారి కూతకి వచ్చినప్పుడు ఆమె గీత దగ్గరే తచ్చాడింది. కాని ఎంతసేపని తచ్చాడుతుంది, లోపలికి రాక తప్పదు. వచ్చింది. గంగ పట్టింది. ఆ మడమ రెండు అరచేతుల్లో ఉండగా, పట్టు చాలు, పాయింటు వచ్చేసింది, రిఫరీ విజిల్ నోట్లో పెట్టుకుంటున్నాడు. అప్పుడు గంగ కావాలనే మెలి తిప్పింది.

హేమలత కేక వేసింది. ఆమెని ఇద్దరు పట్టుకుని లేపారు. కాలు నేల మీద పెట్టలేక కుంటుతూ మేట్ దాటుతుంటే జనం జాలిపడి ఆమెకి చప్పట్లు కొట్టారు. గంగ ఊరివాళ్లు, ఆమె కోసం జీపులెక్కి వచ్చినవాళ్లు కూడా లేచి నిలబడి కొట్టారు. ఎవరో ముసలామె చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని అయ్యో బిడ్డా అంది. గంగ మూలన నిలబడి ఆ చప్పట్లు విన్నది. ఆమె ఏడాదంతా ఎదురుచూసింది దీని కోసం కాదు.

రాజకుమారి ఆమెని వెంటనే బయటికి పిలిచేసింది. “పట్టు నేర్పమంటే నేర్పుతాను. విరవడం నా జట్టులో లేదు. ఇంకోసారి చేస్తే ఊరికి పంపేస్తాను” అంది. మిగతా మేచ్ గంగ బెంచీ మీదే కూర్చుంది. జట్టు ఓడిపోయింది.

హేమలత మిగిలిన సీజన్ ఆడలేదు. రవికుమార్ వీడియోలో ఆమె కట్టు కట్టిన కాలు, పక్కన గంగ ముఖం. కింద పాపం అన్న మాట ఇప్పుడు హేమలతకి మారింది. సీజన్ అయ్యాక ఆమె జట్టు ఆమెని వదిలేసింది. ఆ కాలు ఇక పనికిరాదని అందరూ అనుకున్నారు.

శీతాకాలంలో కాఫీ పళ్లు కోస్తుండగా గంగకి ఫోన్ వచ్చింది. సిగ్నల్ కోసం బండ ఎక్కి మాట్లాడింది. ఇంకో జట్టు కోచ్. హేమలతని తీసుకుందామా అని ఆలోచిస్తున్నాడట. కాలు బాగైందని ఆమె అంటోంది గాని నమ్మబుద్ధి కావడం లేదు, నువ్వు ఆ కాలు పట్టినదానివి, ఒకే గదిలో ఉన్నదానివి, పాత దెబ్బలేమైనా ఉన్నాయా, దాచకుండా చెప్పమన్నాడు.

ఒక్క మాట చాలు. ఉంది అంటే చాలు. హేమలత ఎలా చేసిందో అప్పుడు అర్థమైంది ఆమెకి. ఎంత తేలికో అర్థమైంది. హేమలత సాలూరులో ఇంట్లో కూర్చుని, దురదృష్టం కాటేసిన మంచి ఆటగత్తెగా మిగిలిపోతుంది. వీధిలో అందరూ జాలిపడతారు. దెబ్బ తగలకపోతే ఎంతదయ్యేదో అని రవికుమార్ ఏటా చెబుతాడు.

“ఏ దెబ్బా లేదు సార్. క్యాంపులో ఒక్కరోజు కూడా కుంటలేదు. నేను తిప్పింది కూడా ఎముకకి తగల్లేదు, నరం మీద పడింది. ఈపాటికి బాగైపోయుంతాది. బేగి తీసుకోండి, ఇంకెవులైనా పట్టుకుపోతారు” అంది గంగ.

మూడో ఏడు మొదటి మేచ్ ముందు హేమలత ఆమెని వెతుక్కుంటూ వచ్చింది. నీళ్ల కుళాయి దగ్గర గంగ సీసా నింపుకుంటోంది. తన గురించి గంగ ఏం చెప్పిందో కోచ్ చెప్పాడని, ఇంత మంచి మనసు ఉంటుందనుకోలేదని హేమలత ఏడుపు గొంతుతో అంది. బుధు గురించి తను జట్లకి చెప్పకుండా ఉండాల్సిందని, ఆ రోజు భయమేసిందని, అందరూ నీ పేరే అంటుంటే ఇంటికి ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలో తెలియలేదని చెప్పింది. గంగ చేయి పట్టుకోబోయింది.

గంగ చేయి వెనక్కి తీసుకుంది.

“నీ మీద జాలేసి సెప్పలేదే నేను. నువ్వు ఇంటికాడ కూకుంటే నేను ఎవుల్ని పట్టాల? కాలు బాగున్నాది కదా, ఇంక సాకు లేదు. రా.”

గంగ సీసా మూత బిగించుకుని వెళ్లిపోయింది.

ఆ మేచ్‌లో గంగ మెలి తిప్పలేదు. చెవిలో ఏమీ అనలేదు. ఎక్కడ పట్టాలో అక్కడ పట్టింది, విజిల్ పడగానే వదిలేసింది. హేమలత ఊరికే కూర్చోలేదు. ఒకసారి గంగ భుజం తాకి తప్పించుకుపోయింది, గంగ ఔటై బెంచీకి నడిచింది కూడా. కాని మళ్లీ లోపలికి వచ్చాక మళ్లీ పట్టింది. చివరికొచ్చేసరికి హేమలత కూతకి వెళ్లమంటే తన కోచ్ వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఆమె బదులు ఇంకో అమ్మాయి వెళ్లింది. కుంటకుండా, రెండు కాళ్ల మీద నడిచి హేమలత బెంచీకి పోతుంటే ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరూ అయ్యో అనలేదు.

ఆ వారం రవికుమార్ ఫొటోలు మార్చాడు. ఆ బ్యాచ్‌లో కూత పెట్టగలిగి, పట్టగలిగిన ఒకే ఒక్క అమ్మాయి అని గంగని పైన పెట్టాడు. ఆరోగ్యం ఊసు ఎత్తలేదు. హేమలత గురించి చెబుతూ, గాయం లేదు, జట్టు బాగుంది, అయినా గంగ ముందు ఆడలేకపోతోందని అన్నాడు.

ఊరికి వచ్చినప్పుడు గంగ ఆ వీడియోని తండ్రికి చూపించింది. తన గురించి చెప్పిన భాగం దాటించేసి, హేమలత తల ఊపిన చోట ఆపి మళ్లీ పెట్టింది. సుక్రు ఓపిగ్గా చూశాడు. ఇంక సల్లబడిందా అని అడిగాడు.

గంగ ఫోన్ జేబులో పెట్టుకుంది. “ఒచ్చే ఏడు కూడా దాన్ని జట్టులో ఉంచుతారంట అయ్యా” అంది. మేకలని తోలుకు రావడానికి గట్టు వైపు నడిచింది.