పావు తిప్పు

కోయిలకుంట్ల దారిలో ఉమామహేశ్ బండల పాలిష్ ఫ్యాక్టరీ ఆవరణలోనే ఊరి నీళ్ల ప్లాంటు కూడా ఉంది. రెంటికీ బోరు ఒక్కటే. యంత్రం వడగట్టిన మంచినీళ్లు ఊరి క్యాన్లలోకి, మిగిలిన ఉప్పునీళ్లు బండలు కోసే రంపాల మీదికి పోతాయి. ఈ పంపకం చూసేది పీరా. యాభై దాటిన మనిషి. ప్లాంటు పెట్టిన నాటి నుంచీ ఆ గొట్టాలే అతని లోకం.

ఊరంతా ఆ నీళ్లే తాగుతోంది, అతని ఇంట్లో అమ్మ తప్ప. ఇంతకంటే తలవంపు ఏముంటుంది? మదార్ బీకి మోకాళ్లు వంగవు. చేతిపంపు నీళ్లలోని ఫ్లోరైడు వల్లే అలా అయిందని, ఇక మానకపోతే మంచం దిగలేదని డాక్టరు తేల్చి చెప్పాడు. ఆమె వింటేగా.

"నీ నీళ్లు సప్పగ ఉండాయి పీరా. తాగినా తాగినట్టే ఉండదు," అనేది. కర్ర ఊతతో ఇంటెనక పంపు దగ్గరికే పోయేది.

ఆ పంపంటే ఆమెకు ఎందుకంత మమకారమో పీరాకు తెలుసు. అతనికి నాలుగేళ్లప్పుడు ఆ వీధికి బోరు బండి వచ్చింది. అప్పటిదాకా అమ్మ రోజూ రెండుసార్లు కుందూ నది దాకా నడిచి, ఇసుకలో చెలమ తోడి, బిందె నింపుకొచ్చేది. పంపులో నీళ్లు పడ్డ రోజు ఫాతెహా ఇప్పించి వీధంతా చక్కెర పంచింది. తడిసిన చీరతో పంపు కొడుతూ నవ్విన ఆ ముఖం ఎంత బాగుండేదో! పీరాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంటుంది.

ఆ ముఖం కోసమే పాడుపని చేశాడు. బోరు నీటిని వడగట్టకుండా మంచినీళ్ల ట్యాంకులో కలిపే వాల్వు ఒకటుంది. దాన్ని పావు తిప్పు తిప్పాడు. కొంచెం ఉప్పుజాడ తగిలితే అమ్మ తాగుతుందని ఆశ. తాగింది కూడా. "ఇప్పుడు నీళ్ల మాదిరి ఉండాయి," అంది. ఊళ్లో ముసలివాళ్లూ మెచ్చుకున్నారు. పీరా నాలుగు నెలలు పొంగిపోయాడు. ఉప్పు కొంచెమే గదా అనుకున్నాడు గానీ, దాంతోపాటు రుచికి తెలియని ఫ్లోరైడు కూడా కలుస్తోందని అతనికి తట్టలేదు.

ఒకరోజు బడి టీచరు స్తుతి నీళ్ల పరీక్ష కాగితం పట్టుకొని వచ్చింది.

"పీరన్నా, బడి పిల్లోళ్లు తాగే మన ప్లాంటు నీళ్లల్లో ఫ్లోరైడు శానా ఉండాదంట. మిషను చెడిపోయిందేమో చూడన్నా."

"మిషను బాగానే ఉండాదమ్మా," అన్నాడు పీరా. "చేసింది నేనే."

ఆమె ఎదుటే వాల్వు బిగించాడు. ఇక అమ్మ మళ్లీ పంపు దగ్గరికే పోతుంది. వడగట్టిన నీళ్లు యంత్రం దగ్గరే క్యానులో పట్టుకొని ఇంటికి నడిచాడు.

చెంబుడు ప్లాంటు నీళ్లు అమ్మ ముందు పెట్టి, జరిగిందంతా దాచకుండా చెప్పేశాడు.

మదార్ బీ కొడుకును దగ్గరికి లాక్కుంది. "నోరు తెరువు," అంది.

యాభై దాటిన కొడుకు చిన్నపిల్లవాడిలా నోరు తెరిచాడు. గోధుమరంగు చారలు పడ్డ అతని పళ్లను ఆమె వేలితో తడిమింది.

"నీ పాలపండ్లు ఎంత తెల్లగ ఉండెనో. చెలమ నీళ్లు తాగినన్నాళ్లు," అంది. "పంపు కొట్టి కొట్టి ఆ నీళ్లు నీకు తాపింది నేనే గదప్పా."

చెంబు ఎత్తి, ముఖం చిట్లిస్తూ, అడుగుదాకా తాగింది.

"సప్పగనే ఉండాయి," అంది. "ఇంగో చెంబు పొయ్యి."