వేరు పొయ్యి

పొద్దున్నే ఇర్ఫానా మూడు కొత్త రాళ్లకు మసి పూస్తూ కూర్చుంది. పెళ్లయినప్పటి నుంచి గిన్నెల మసి వదిలించిన చేతులకు ఇవాళ మసి పూసే పని పడింది. అత్త అమీనా బీ పక్కనే నిలబడి, ఇంకాస్త పూయమంటోంది. ఇళ్ల స్థలాల సర్వేకు మనుషులు వస్తారట. ఆదోనిలోని ఇలాంటి ఇరుకు వాడల్లో ఉండేవాళ్లకు కుటుంబానికో స్థలం ఇస్తారట, పట్టా ఆడవాళ్ల పేరున. పొయ్యి వేరుగా ఉంటే వేరే కుటుంబంగా రాసుకుంటారని వాడంతా నమ్మింది. అందుకే ఒక్క గదిలో రెండో పొయ్యి వెలిసింది.

"ఎన్నాళ్లయిందని అడిగితే మూడేండ్లని సెప్పు," అన్నాడు భర్త హారూన్. "పట్టా నీ పేరున వస్తాది గానీ ఆ స్థలం తాహెర్ పెండ్లికి. మనమంతా అమ్మకొచ్చే స్థలంలోనే ఉందాం. వండేదానికి నువ్వుండావు గదా."

తాహెర్ అతని తమ్ముడు. వండడానికి నువ్వున్నావు గదా! ఎంత తేలిగ్గా అనేశాడో మహానుభావుడు.

చిప్పగిరి వైపు పల్లెలో వానలు మొహం చాటేస్తే పదేళ్ల కిందట ఈ ఊరొచ్చి పడ్డారు. పది అడుగుల గది, ఆరుగురు మనుషులు. చీర మార్చుకోవాలంటే మంచం నిలబెట్టి దాని వెనక దూరాలి. దూరాక కూడా చొక్కా కోసమనో, అగ్గిపెట్టె కోసమనో ఎవరో ఒకరు వస్తారు. పగలంతా జిన్నింగు మిల్లులో పత్తిలోని చెత్త ఏరి, ఇంటికొచ్చి ఆరుగురికీ రొట్టెలు చేస్తుంది. ఆ దుమ్ముకు దగ్గొస్తే "పిల్లోళ్లు లేస్తారు, బయటికి పోయి దగ్గుపో" అంటుంది అత్త. మిల్లులో మేస్త్రీ ఏమో "దగ్గేదుంటే ఇంటికి పోయి దగ్గుకో" అంటాడు. మరి ఆమె ఎక్కడ దగ్గాలి? ఒళ్లు మండిపోతుంది. మండినా లేచి పిండి కలుపుతుంది.

సర్వేవాళ్లను నమ్మించాలి కాబట్టి కొత్త పొయ్యి వెలిగించి అన్నం వండింది. తనకు, భర్తకు, ఇద్దరు పిల్లలకు. ఇట్టే అయిపోయింది. గిన్నె దించాక చూసుకుంటే చేతుల్లో ఏ పనీ లేదు. పొద్దున పూట ఇలా ఊరికే కూర్చున్న రోజు ఆమెకు గుర్తులేదు. ఇంతేనా, నా సంసారానికి వంటంటే ఇంతేనా అనుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

సర్వేకు వచ్చిన స్వప్న రెండు పొయ్యిలనూ ఫోన్లో ఫోటో తీసుకుంది.

"ఎప్పటి నుంచి వేరుగా వండుకుంటాండారక్కా?"

హారూన్ గొంతు సవరించుకున్నాడు.

"ఈ పొద్దు నుంచి," అంది ఇర్ఫానా.

అమీనా బీ మొహం మాడిపోయింది. స్వప్న మాత్రం తలెత్తకుండానే, "వేరుపడితే చాలక్కా, ఎన్నాళ్లన్నది ఫారంలో లేదు," అని ఇర్ఫానా చేత సంతకం పెట్టించుకుని పక్కింటికి వెళ్లింది.

"మూడేండ్లని సెప్పమంటే బుద్ధి యాడ పోయింది నీకు?" హారూన్ విరుచుకుపడ్డాడు.

"పోనీలేప్పా, రాసుకునింది గదా," అంది అమీనా బీ. "ఏమ్మే, ఆ రాళ్లు బయట పారేసి అందరికీ వంట సూడు."

ఇర్ఫానా పిల్లలకూ భర్తకూ కంచాలు పెట్టింది. నాలుగోది తనకు పెట్టుకుంది.

"ఈ రాళ్లు పారేసేది లేదత్తా. పట్టా వచ్చినాక నాతోనే నా స్థలానికి వస్తాయి," అంది అన్నం వడ్డించుకుంటూ. "సర్వేకొచ్చిన ఆ పిల్లకు నేను అబద్ధం సెప్పలేదు."