కింది ఏడు వరుసలు

యంత్రం నాలుగు వరుసల్లో చదివి ముగించిన అర్జీ కింద ఇంకా ఏడు వరుసలున్నాయని, టీ గ్లాసు పెట్టడానికి వచ్చిన పిన్ని అనగానే, జవాబు కొడుతున్న ఎక్స్‌ప్రెస్ చెయ్యి మీటల మీదే ఆగిపోయింది.

"ఏంటి సార్, సగంలోనే వదిలేశారు? అసలు సంగతి కింద ఉందిగా," అంది పిన్ని.

అతనికి పుట్టుకతోనే చూపు లేదు. బస్సుల్లో జనం మరిచిపోయిన వస్తువులు చేరే ఆఫీసులో గుమాస్తా; ఎక్స్‌ప్రెస్ అన్నది అక్కడివాళ్ళు పెట్టిన పేరు. పోగొట్టుకున్నవాళ్ళ అర్జీలు కంప్యూటర్‌లోకి వస్తాయి. అందులోని స్క్రీన్ రీడర్ వాటిని అతని చెవిలో చదువుతుంది. దాన్నే ఆఫీసులో అందరూ యంత్రం అంటారు. అర్జీ పైభాగం బస్టాండు కౌంటర్లో ఆఫీసు భాషలో కొట్టి పంపుతారు: వస్తువు, తేదీ, రూటు. అడుగున 'ఇతర వివరాలు' అని ఒక గడి. అక్కడ మాత్రం మనిషి నోటితో చెప్పింది చెప్పినట్టు ఇంటి భాషలో ఎక్కిస్తారు.

పిన్నికి ఆఫీసు భాష రాదు. ఆవిడ చదవగలిగింది యంత్రం చదవని ఆ గడే. టీ ట్రే పక్కన పెట్టి, కూడబలుక్కుంటూ పైకి చదివింది.

"బాబూ, ఇది నాలుగోసారి రాయించడం. ఎడమకాలి బూటు, దిగే తోపులాటలో ఊడి బస్సులోనే ఉండిపోయింది. అడుగు మూడు వేళ్ళ ఎత్తు ఉంటుంది. నా ఆ కాలు పొట్టి. లోపల మడమ దగ్గర రాసుకోకుండా గొడుగు గుడ్డముక్క కుట్టుకున్నాను. వీధులు తిరిగి గొడుగులు బాగుచేసుకునేవాణ్ణి. ఇంకో బూటు చేయించాను గానీ కరుస్తోంది, పాతది చేసినాయన ఇప్పుడు లేడు. వానలు మొదలయ్యాయి బాబూ."

పక్క బల్ల దగ్గర సూపరింటెండెంటు గారి పెన్ను ఆగింది.

"అలాంటిదేదో మన అరల్లో ఉన్నట్టుందే," అంది పిన్ని.

"మూడో అర. ఎడమ చివర," అన్నాడు ఎక్స్‌ప్రెస్. అని నాలిక కరుచుకున్నాడు.

ఆ బూటు వచ్చిన రోజే దాన్ని చేత్తో చూశాడు. వచ్చిన ప్రతి వస్తువునూ అతను అలాగే చూస్తాడు: మూత తిప్పి, అంచు తడిమి, వాసన పట్టి. అడుగు ఎత్తుగా తగిలింది, లోపల మెత్తటి గుడ్డ తగిలింది. ఎవరిదో పాపం, అది లేకుండా ఎలా నడుస్తున్నాడో అనుకున్నాడు. ఆ తర్వాత ఈ నాలుగు నెలల్లోనూ "బూటు, ఒకటి, గోధుమరంగు" అంటూ మూడు అర్జీలు వచ్చాయి. అరల్లో ఒంటి చెప్పులూ బూట్లూ పదిహేడున్నాయి. మూడుసార్లూ ఒకటే జవాబు కొట్టాడు: పోలిక గుర్తులు తెలపవలెను.

సూపరింటెండెంటు గారు లేచి వచ్చి ఇంకో పది అర్జీలు తెరిపించారు. పదింటిలోనూ యంత్రం ఇంటి భాష రాగానే నోరు మూసుకుని కిందికి జారిపోయింది. మెకానిక్‌కు ఫోన్ వెళ్ళింది.

మెకానిక్ వచ్చేసరికి పదకొండు. సన్నటి గొంతు, నడుస్తుంటే జేబులో స్క్రూడ్రైవర్ల చప్పుడు. రెండు భాషలకూ రెండు గొంతులు పెట్టింది తనేనని చెప్పుకున్నాడు. కాసేపు వెతికి, ఇంటి భాష గొంతును ఎవరో చేత్తోనే తీసేశారని, రెండేళ్ళ కిందట ఒక బుధవారం తేదీ చదివాడు.

"ఆ వారమే కదయ్యా నువ్వు దుమ్ము దులపడానికి వచ్చింది?" అన్నారు సూపరింటెండెంటు గారు.

"దులిపాను సార్. దుమ్ముతో పాటు గొంతులు రాలవు కదా."

"వేళాకోళాలొద్దు. ఈయనకేం తెలుస్తుంది పాపం, కళ్ళు లేని మనిషి. నువ్వు కాకపోతే గాలొచ్చి తీసిందా? రేపట్నుంచి ఈ ఆఫీసు పని నీకు లేదు. సాయంత్రంలోగా కాగితం రాసి పెడతాను, సంతకం చేసి వెళ్ళు."

ఎక్స్‌ప్రెస్ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. పాపం అన్న మాట అతనికి చిన్నప్పటి నుంచీ పడదు. ఆ మాట అన్నందుకు ఒకసారి బావమరిదితో ఆరు నెలలు మాట్లాడలేదు. ఇవాళ ఆ మాటే వెచ్చటి దుప్పటిలా వచ్చి మీద పడితే, కిమ్మనకుండా కప్పుకున్నాడు.

యంత్రం రాకముందు ఈ కుర్చీలో అతను ఏడేళ్ళు అడుక్కున్నాడు. కాస్త చదివిపెడతారా అని బల్ల బల్లకూ. వాళ్ళు ఆవలిస్తూ చదివేవాళ్ళు, ఫోన్ వస్తే మధ్యలో వదిలేసేవాళ్ళు. యంత్రం వచ్చిన రోజున ఇంటికెళ్ళి స్వీట్లు పంచాడు. ఆఫీసు భాష గొంతు కుళాయి తిప్పినట్టు ధారగా వచ్చేది; ఎంత వేగం పెంచినా అందుకునేవాడు. ఇంటి భాష గొంతు అలా కాదు. గొంతు మారే ప్రతిసారీ ఒక గుటక వేసి, ఒకటో తరగతి పిల్లలా సాగదీసేది. వేగం పెంచితే ముద్ద. రోజుకు ఇరవై అర్జీలయ్యేసరికి పొద్దు గుంకేది. "మీ రైలు ఇంకా స్టేషన్ దాటలేదా?" అని పక్కవాళ్ళు నవ్వేవాళ్ళు.

ఒక బుధవారం ఆ రెండో గొంతును తీసేశాడు. ఒక్క పూట చూద్దామనుకున్నాడు. ఆ రోజు నలభై రెండు అర్జీలు. సూపరింటెండెంటు గారు అందరినీ నిలబెట్టి, కళ్ళున్నవాళ్ళు సిగ్గుపడాలి అని చప్పట్లు కొట్టించారు. ఎక్స్‌ప్రెస్ అన్న పేరు ఆ రోజే వచ్చింది. మళ్ళీ ఆ గొంతు జోలికి పోలేదు.

తేడా కనిపెట్టింది ఇంట్లో భార్య ఒక్కతే. ఇదివరకు అన్నం దగ్గర కూర్చుంటే ఎవరో పాల క్యాను పోగొట్టుకున్నారని, ఎవరో పెళ్ళి ఫోటోల సంచి మరిచిపోయి ఏడుస్తూ రాయించారని కథలు చెప్పేవాడు. "ఏమిటో, మీ ఆఫీసులో మనుషులు వస్తువులు పారేసుకోవడం మానేశారా?" అని ఒకసారి అడిగింది. పని ఎక్కువైందని దాటేశాడు. ఇంకోసారి అడిగితే విసుక్కున్నాడు. ఆవిడ అడగడం మానేసింది.

మూడింటికి ఒక పెద్దావిడ వచ్చింది. చేతిలో ఆఫీసు పంపిన జవాబులు మూడు, మడతలు నలగకుండా ఉన్నాయి. గొడుగులు బాగుచేసే ఆయన అక్కనని చెప్పుకుంది. సూపరింటెండెంటు గారు తడబడుతూ కుర్చీ వేయించారు. మెకానిక్ అప్పటికి గోడ పక్క బల్ల మీద కాగితం కోసం ఎదురుచూస్తున్నాడు.

"వెతకడం ఆపేయమని చెబుదామని వచ్చాను బాబూ," అందావిడ. "వాడు పోయిన ఆదివారం పోయాడు. జ్వరం, నాలుగు రోజులే. బూటు వల్ల కాదులే. మీరింకా వాడి కోసం అరలన్నీ తడుముతుంటారేమోనని."

పిన్ని ముక్కు చీదిన చప్పుడు వినబడింది.

"నాలుగు నెలలూ కిటికీ దగ్గరే కూర్చున్నాడు. అర్జీలు చూసేది కళ్ళులేని ఆయనని కౌంటర్లో చెప్పారట. ఎవర్నీ ఒక్క మాట అననిచ్చేవాడు కాదు. కాలు సరిగా లేనివాడి కష్టం ఆయనకే తెలుస్తుందక్కా, ఆలస్యమైనా వెతికిస్తాడు అనేవాడు."

పిన్ని బూటు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆవిడ దాని మీద చెయ్యి వేసి, తీసేసింది.

"ఒక్కటి నేనేం చేసుకోను తల్లీ? ఇక్కడే ఉండనివ్వండి."

కుర్చీ వెనక్కి జరిగింది. ఆవిడ అడుగులు రెండూ సమానంగా గుమ్మం వైపు కదిలాయి. ఇంకో పది అడుగులు. సూపరింటెండెంటు గారు మెకానిక్ వైపు కాగితం జరిపిన చప్పుడు అయింది. నోరు విప్పకపోతే రేపు తొమ్మిదిన్నరకు ఇదే కుర్చీ, ఇదే పేరు. మెకానిక్ పెన్ను మూత తీశాడు.

ఎక్స్‌ప్రెస్ లేచి నిలబడ్డాడు. చెవిలోని తీగ ఊడి కింద పడింది.

"అమ్మా, వెళ్ళకండి. సార్, మీరూ వినండి. నువ్వు సంతకం పెట్టకు మెకానిక్. ఆ గొంతు తీసింది నేను. పొరపాటున కాదు, తెలిసే తీశాను. అది నెమ్మదిగా చదువుతుంది. దాన్ని వింటూ కూర్చుంటే నన్ను చూసి నవ్వేవాళ్ళు, తీసేస్తే చప్పట్లు కొట్టారు. అమ్మా, మీ తమ్ముడు నాలుగుసార్లు గుర్తులు చెప్పాడు. నేను ఒక్కసారి కూడా వినలేదు. వినకుండానే గుర్తులు చెప్పమని రాశాను. నాకు కళ్ళు లేవని కాదమ్మా, చెవులు మూసుకున్నాను. పొద్దున కూడా ఈ మెకానిక్ మీద నింద పడుతుంటే కళ్ళులేని వాణ్ణని ఊరుకున్నాను. ఈ బూటు వచ్చిన రోజే నా చేతిలో పడింది. ఇదిగో, ఇక్కడ, మడమ దగ్గర, ఆయన కుట్టుకున్న గుడ్డముక్క. అప్పుడెలా ఉందో అలాగే ఉందమ్మా, కుట్టు కూడా ఊడలేదు."