మార్పిడి పిల్ల

కిటికీ పక్కన కూర్చోనివ్వదు, ఎండ కొడతాదే, నల్లబడిపోతావ్ అంటుంది, నల్లబడటానికి నాలో ఇంకేం మిగిలిందని, ఆ మాట మా అమ్మది, నల్లబడిపోతావ్ అన్నప్పుడు చివర కాస్త సాగదీసి వదిలెయ్యడం కూడా మా అమ్మదే, హిమాచల్ కొండల్లో ఆపిల్ తోటలున్న ఇంట్లో పుట్టిన పూనమ్‌కి ఆ సాగదీత ఎలా అబ్బిందో నాకు తెలుసు, తెలిసినకొద్దీ ఒళ్ళు మండుతోంది, కాకినాడ దాటిన బస్సు సామర్లకోట రోడ్డు గతుకుల్లో ఎగిరెగిరి పడుతోంది, ఆ పిల్ల ఒళ్ళో సంచీ, సంచీలో సంపూర్ణమ్మ పిన్ని మూటకట్టిచ్చిన ఎండు రొయ్యలు, కాసేపట్లో ఢిల్లీ రైలొస్తుంది, ఎక్కేస్తుంది, పీడ విరగడవుతుంది అనుకున్నాను, అనుకుని నాలిక కరుచుకున్నాను, ఎందుకంటే నేనింకా అడగనే లేదు, నెలరోజులుగా ఒకే చాప మీద పడుకుంటున్నాం, అడగలేకపోయాను, అమ్మ పోయేముందు నా గురించి ఏమంది అని.

మార్పిడి అన్నారు కాలేజీలో, శ్యామలాంబ మేడమ్ గారు సెకండియర్ క్లాసుకొచ్చి, మన పిల్లలు నలుగురు హిమాచల్ వెళ్తారు, అక్కడి పిల్లలు నలుగురు ఇక్కడికొస్తారు, నాలుగు నెలలు, వాళ్ళింట్లో మీరు, మీ ఇంట్లో వాళ్ళు, దేశం తెలియాలంటే ఇంకొకరింట్లో అన్నం తినాలమ్మా అన్నారు, నేను చెయ్యెత్తేశాను, ఇంటికొచ్చి చెప్తే నాన్న వల బాగుచేసుకుంటూ నవ్వాడు, వేటకెళ్ళే వాళ్ళింట్లో కొండలపిల్ల ఏం ఉంటాదే, చేపల కంపుకే పారిపోద్ది అన్నాడు, అమ్మ మాత్రం పోనీ, నా కూతురు మంచు చూసొస్తాది, ఆ పిల్ల సముద్రం చూస్తాది అంది, ఎవరూ పారిపోలేదు, నేనెక్కిన రైల్లోంచే దిగినట్టు వచ్చి ఆ పిల్ల నా చాప మీద పడుకుంది, నా కంచంలో తింది, పూనమ్ అనడానికి నోరు తిరక్క అమ్మ పున్నమ్మ అంది, పేటలో వాళ్ళు మార్పిడి పిల్ల అన్నారు, కాలేజీలో అందరూ ఆ పిల్లతో ఇంగ్లీషే మాట్లాడేవాళ్ళు, ఇంట్లో అమ్మకి తెలుగు తప్ప ఏదీ రాదు, దాంతో తెలుగంటే మా అమ్మ మాట్లాడేదే అనుకుంది, అమ్మ ఆయ్ అంటే ఆయ్, అమ్మ నిమ్మళంగా అంటే నిమ్మళంగా, ఆదివారాలు అమ్మతో పాటు చేపల గంప మోస్తూ కాకినాడ వీధుల్లో తిరిగిందట, రొయ్యలమ్మా రొయ్యలో అని కేకేసిందట, డాక్టరు గారి భార్య బయటికొచ్చి ఎవరే బుల్లెమ్మా ఈ తెల్లపిల్ల అంటే, ఆయ్, నా చిన్నకూతురండి అందట అమ్మ, నన్నయితే ఏనాడూ రానివ్వలేదు, చదువుకునేదానివి, నీకు గంప వాసన అంటకూడదే అని గుమ్మంలోనే ఆపేసేది, వీధుల్లో మా అమ్మ కేక ఎలా ఉంటుందో ఆ పిల్లకి తెలుసు, నాకు తెలీదు.

ఆ రోజు నేను పూనమ్ వాళ్ళ పెరట్లో ఆపిల్ పళ్ళు పెట్టెల్లో సర్దుతున్నాను, ఫోన్ వాళ్ళమ్మ ఎత్తింది, వచ్చి నా తల పొట్టకేసి అదుముకుంది, ఆవిడ శాలువా కట్టెల పొగవాసన వేసింది, అమ్మకి గుండె నొప్పట, పొద్దున్నే గంప ఎత్తుకోబోతూ కూలబడిందట, ఆటోలో కాకినాడ చేరేలోపే అయిపోయిందట, కొండ దిగే బస్సు, రైలు, మళ్ళీ రైలు, నేనొచ్చేసరికి బూడిద కూడా సముద్రంలో కలిపేశారు, ఎండలకి ఉంచలేకపోయామే అన్నాడు నాన్న, కూతురు చెయ్యాల్సినవన్నీ పున్నమ్మ చేత చేయించాం, నోట్లో నీళ్ళు ఆ పిల్లే పోసింది, మొహానికి పసుపూ ఆ పిల్లే రాసింది, ఎవరికి పుట్టిన బిడ్డరా వెక్కివెక్కి ఏడుస్తోంది అన్నట్టు ఒకటే ఏడుపనుకో అంది పిన్ని, ఆ మాట నా మంచికే చెప్పింది, నాకు మాత్రం పుండు మీద కారం చల్లినట్టయింది, అయినా అది కాదు అసలు సంగతి, పిన్ని అవన్నీ చెప్పకముందే, నేనింకా గుమ్మం బయట ఉండగానే, వంటింట్లోంచి గొంతు వినపడింది, ఎవరూ, చెప్పులు బయట ఇప్పి రా, కాళ్ళు కడుక్కో అని, అమ్మ మాట, అమ్మ విరుపు, నా ప్రాణం లేచొచ్చింది, అందరూ అబద్ధం చెప్పారు, అమ్మ ఉంది అనుకున్నాను, పరిగెత్తుకెళ్తే పొయ్యి ముందు ఆ పిల్ల, చేతిలో గరిట, నన్ను చూసి భోరుమంది, నేను ఏడవలేదు.

ఆ తరవాతా ఏడవలేదు, దినం రోజున అందరూ నా మొహంలోకే చూశారు, చదువుకున్న పిల్లలకి గుండె రాయైపోద్దే అని ఎవరో అన్నారు, రాయే కాబోలు అనుకున్నాను, పొద్దున్నే లేవే, పొద్దు నడినెత్తికెక్కింది అని ఆ పిల్ల నన్ను లేపేది, దుప్పట్లోంచే విసుక్కునేదాన్ని, నాన్నని గంజి తాగి వెళ్ళు అనేది, నాన్న కళ్ళు మూసుకుని ఆ మాట విని, తాగి, వేటకెళ్ళేవాడు, ఆయన మళ్ళీ పడవెక్కింది ఆ మాటతోనే, నాకు మాత్రం, మా అమ్మ మాటల్ని ఊళ్ళో వాళ్ళ చీర కట్టుకున్నట్టు కట్టుకుని తిరుగుతోందని, ఆపవే అని అరవాలనిపించేది, ఆపేస్తుందేమోనని భయంవేసి అరిచేదాన్ని కాదు.

బస్సు దిగుతుంటే నా నోటి వెంట సామాన్ గిన్ లో బేటా అని వచ్చేసింది, సామాను లెక్కపెట్టుకోమని వాళ్ళమ్మ బస్సు దిగినప్పుడల్లా అనేమాట, ఆ పిల్ల మెట్టు మీదే ఆగిపోయి మా అమ్మలాగ అన్నావే అని నవ్వింది, ఇంకో మూడు రోజుల్లో ఆ మాట వాళ్ళమ్మ నోటే వింటుంది, పెట్టి పుట్టింది.

ప్లాట్‌ఫారం నిండా పంచదార ఫ్యాక్టరీ నుంచి చెరుకు మడ్డి వాసన, శ్యామలాంబ గారు మిగతా ముగ్గురు పిల్లలతో టిక్కెట్లు చూసుకుంటున్నారు, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అని అడిగేశాను, నా గురించి ఏమందే అని, ఆ పిల్ల అమ్మలాగే నాలికతో చిన్న చప్పుడు చేసి, అదికాదే, ఆటోలో నా ఒళ్ళో తల పెట్టుకుంది, నిమ్మళంగా పోనీ బాబూ గతుకులున్నాయి అంది, గంపలో చేపలు మెత్తబడిపోతాయి, పిన్నిని అమ్మేయమను అంది, అంతే అంది, నా గురించో అన్నాను, తల అడ్డంగా ఊపింది, ఒక అబద్ధం చెప్పొచ్చు కదా, నా వేణి ఏదీ అందని చెప్పొచ్చు, అమ్మకి అబద్ధాలు రావు, అమ్మ దగ్గర నేర్చుకున్న పిల్లకి ఎక్కణ్ణించి వస్తాయి, నువ్వు బాగున్నావని తెలుసు కదే, బాగున్నోళ్ళ గురించి ఏం చెప్తాది అని నా చెయ్యి పట్టుకుంది, రైలొచ్చింది.

తోసుకుంటూ ఎక్కింది, సామాను పడేసి తలుపు దగ్గరికొచ్చింది, రైలు కదులుతుంటే వంగి, ఏమే వేణీ, పెందలాడే ఇంటికెళ్ళు, నాన్నకి కూడొండి పెట్టు, కూరలో ఉప్పు చూసుకో, నువ్వూ తిను, కూడు మీద అలక్కూడదు అని అరుస్తోంది, నలుగురూ చూస్తున్నారు, సరేలే అమ్మా, వెళ్తాలే అని నేనూ అరిచాను, రోజూ విసుక్కున్నట్టే, అని, ఏమన్నానో నాకే వినపడి నిలబడిపోయాను, ఇంకా ఏదో చెప్తోంది, చక్రాల చప్పుడులో మాట తెలీడం లేదు, సాగదీత మాత్రం వినపడుతోంది, తరవాత అదీ లేదు, ఆ కొండల్లో ఈ మాటలు ఎవరితో మాట్లాడుతుంది, ఆయ్ అంటే ఎవరు పలుకుతారు, ఒక్కొక్కటే మరిచిపోతుంది, మరిచిపోక ఏం చేస్తుంది, ఇంటికెళ్తే కాళ్ళు కడుక్కోమనేవాళ్ళు ఉండరు, రేపు నన్ను లేపేవాళ్ళు ఉండరు, నాన్న గంజి ముందు కూర్చుని ఎవరి మాట కోసం చూస్తాడు, నా గుండె రాయి కాలేదు, నేను నీళ్ళు పొయ్యలేదు, పసుపు రాయలేదు, బూడిదైనా చూడలేదు, ఇంట్లో అడుగుపెట్టేసరికి అమ్మ మాట్లాడుతూనే ఉంది, నెలరోజులూ నన్ను తిడుతూనే ఉంది, మాట్లాడే మనిషి కోసం ఎవరైనా ఏడుస్తారా, సిమెంటు బెంచీ మీద ఎప్పుడు కూలబడ్డానో తెలీదు, శ్యామలాంబ గారు నా భుజం పట్టుకుని ఊరుకోమ్మా, ఏంటిది, స్నేహితురాలు మళ్ళీ వస్తుందిలే అంటున్నారు, వెక్కిళ్ళు ఆగితేగా చెప్పడానికి, దానికోసం కాదండి, మా అమ్మ పోయిందండి అన్నాను, ఇప్పుడే పోయిందండి.