ఎజ్రా పేరున ఇచ్చిన అర్జీ

చేవెళ్ల అంగట్లో ఉల్లిగడ్డలు అమ్మే సాలోమోనుకు అడగకుండా వచ్చే మేలంటే అనుమానం. అందుకే మున్సిపల్ చైర్‌పర్సన్ అరుణశ్రీ స్వయంగా కాగితాలు పట్టుకొని తన ఉల్లిగడ్డల కుప్ప ముందు నిలబడగానే తక్కెడ కింద పెట్టేశాడు.

"అన్నా, ఒక సంతకం కావాలె," అన్నదామె. "అసెంబ్లీల కొత్త బిల్లు వెట్టిన్రు. పాసైతే ఈ అంగడి మన మున్సిపాలిటీ చేతుల ఉండది, రాష్ట్ర బోర్డుకు పోతది. బోర్డు గుత్తకిస్తది. ఇగ గుత్తేదారు కూసోమన్నోళ్లే కూసోవాలె. మొయినాబాదోళ్లు, మనం కలిసి కమిటీ ముందర వద్దని చెప్పబోతున్నం."

"చెప్పున్రి. నడుమ నా సంతకమెందుకు?"

"ఎవరు, ఎక్కడ, ఎన్నేండ్ల సంది కూసుంటున్నరో చూపియ్యాలె గద!"

ఆ మాటతో అతని మనసు బిగుసుకుంది. పదిహేనేళ్ల కిందట మొయినాబాద్ రోడ్డు పక్కన అమ్ముకునేటప్పుడు, గుర్తింపు కార్డులిస్తామని ఎవరో ఇలాగే పేర్లు రాసుకుపోయారు. నెల తిరక్కుండా ఆ జాబితా చదువుతూ, తనతో సహా ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి మరీ లేపారు. పేరివ్వకుండా తప్పించుకున్నవాడు మరో ఏడాది అక్కడే అమ్ముకున్నాడు.

సాలోమోను లెక్క వేసుకున్నాడు. బిల్లు వస్తే చోటు పోవచ్చు. పేరిస్తే చోటు పోయినట్టే. ఇవ్వనంటే చైర్‌పర్సన్‌తో వైరం. మూడింటికీ దొరకని దారి ఒకటి కనిపించింది. అంగట్లో చోట్లన్నీ పోయిన పెద్దల పేర్లతోనే నడుస్తాయి. అతని చోటును ఇప్పటికీ ఎజ్రా జాగ అనే అంటారు. తండ్రి ఎజ్రా పోయి పన్నెండేళ్లు. కాగితం మీద 'ఎజ్రా' అని రాసి ఇచ్చాడు.

అరుణశ్రీ ఇంకో వరుసకు తిరగగానే, పక్కన కొత్తిమీర అమ్మే నీలమ్మ వైపు వంగాడు.

"నీ పేరియ్యకు. మీ అత్త పేరు చెప్పు. అబద్ధమూ గాదు, నువ్వు దొరుకుడూ ఉండది."

నీలమ్మ 'అంతమ్మ' అని చెప్పింది. ఆ సలహా గంప నుంచి గంపకు పాకి, అరుణశ్రీ కంటే ముందే అంగడి చివరికి చేరింది.

మరుసటి అంగడికి ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి ముఖాన నవ్వు లేదు.

"ఎజ్రన్నా, నువ్వు సచ్చి పన్నెండేండ్లాయెనంట గద!"

సాలోమోను ఉల్లిపొట్టు ఏరుతూ తల ఎత్తలేదు.

"కమిటోళ్లు మొయినాబాద్ పూలమ్మేటోళ్ల అర్జీ తీసుకున్నరు. మనది మాత్రం నా చేతికే తిరిగిచ్చిన్రు. నలభై ఒక్క పేర్లల్ల ముప్పై నాలుగు ఓటరు లిస్టుల లేవు, అందరు సచ్చినోళ్లేనట. 'మీ అంగడి బొందలగడ్డల నడుస్తదా మేడం' అని ఒకాయన అడిగిండు. అందరూ నవ్విన్రు. ఎల్లుండి దాకా టైమిచ్చిన్రు. అసలు పేర్లు తేకుంటే చేవెళ్ల మాట రాసుకోరట."

అతను ఆమె ముఖాన్ని పరీక్షగా చూశాడు. మోసగాడు రెండోసారి వచ్చినప్పుడు మాటలో తీపి పెంచుతాడు. ఈమె పెంచలేదు. అయినా వదల్లేదు.

"గీ లిస్టు వట్టుకొని రేపు మీరే మమ్మల్ని లేపరని ఏం నమ్మకం?"

"నమ్మకం నా దగ్గర లేదన్నా. ఐదేండ్లకు నేను దిగిపోత. ఎనకొచ్చేటోళ్ల సంగతి నేనెట్ల చెప్పాలె? గని మున్సిపాలిటీ లేపితే నా ఇంటి ముందర కూసొని తిట్టొచ్చు. బోర్డు లేపితే ఎవరింటి ముందర కూసుంటవ్?"

ఈ మాటకు మాత్రం తూకం ఉన్నది. చెయ్యి చాపి ఖాళీ కాగితం తీసుకున్నాడు. 'సాలోమోను, తండ్రి ఎజ్రా, ఉల్లిగడ్డలు' అని రాసి నీలమ్మ ముందు పెట్టాడు.

ఆమె కాగితాన్ని ముట్టుకోలేదు.

"పోయినసారి రాయొద్దంటివి. ఇయ్యాల రాయమంటివి. లోపల్లోపల నీకేం ముట్టింది?"

"నేను చెప్పింది తప్పు, నీలమ్మా."

"తప్పైతే నీ ఒక్కని పేరే రాస్తివేంది? మీ ఎస్తేర్ ఆ మూలకు ఎల్లిగడ్డ అమ్ముతది గద. ఆమె జాగ దాసిపెట్టుకున్నవా?"

చుట్టుపక్కల తక్కెళ్లు ఆగాయి. సాలోమోను లెక్క సరిగ్గా అదే. తన చోటు పోయినా భార్య చోటు మిగులుతుందని.

ఎస్తేర్ అక్కణ్ణుంచే విన్నది. లేచి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి కాగితం లాక్కున్నది.

"నా పేరు నేనే రాసుకుంట. నువ్వు రాస్తే మల్ల ఎవరి పేరు రాస్తవో!"

గంపల వెనక నుంచి నవ్వులు లేచాయి. నీలమ్మ నవ్వలేదు. ఎస్తేర్ రాసేదాకా అక్షరం అక్షరం చూసి, అప్పుడు చెప్పింది.

"నీలమ్మ అని రాయి. కొత్తిమీర. ఇరవై ఏండ్లు. పాత కాయిదంల మా అత్త పేరు కొట్టెయ్యమను. బతికినన్ని దినాలు పట్నం మొకం సూడలే, ఇప్పుడెందుకు అసెంబ్లీ సుట్టు తిప్పుడు?"

చింతపండు అమ్మే ముసలాయన మాత్రం తన మూట ఎత్తుకొని పక్క వరుసలోకి వెళ్లిపోయాడు. సాలోమోను ఆపలేదు. ఆపే హక్కు తనకు లేదని అతనికి తెలుసు. కాగితం తీసుకొని తర్వాతి గంప ముందు కూర్చున్నాడు. ఇంకా ముప్పై మందికి పైగా ఉన్నారు, అందరూ తన వైపే చూస్తున్నారు, ఒకప్పుడు మొయినాబాద్ రోడ్డు మీద పేర్లు రాసుకున్నవాణ్ణి తను ఏ అనుమానంతో చూడాల్సి ఉండి చూడలేదో, ఆ చూపుతో.