దుబాసీ

కాలరు మురికి వదలడం లేదు. దానియేలు బాత్రూం సింకులో చొక్కా పరుచుకుని పాత పళ్ళబ్రష్షుతో రుద్దుతున్నాడు. ఉన్నవి ఐదు తెల్లచొక్కాలు, ఐదింటికీ మెడ దగ్గర అదే పసుప్పచ్చ చార. జూలై చలి. నీళ్ళు వేళ్ళను కొరికేస్తున్నాయి. రుద్ది, పిండి, దులిపి, షవరు కడ్డీకి తగిలించాడు. తరువాత అద్దం ముందు నిలబడి గెడ్డం గీసుకున్నాడు. గీయడానికి పెద్దగా ఏమీ లేదు. అయినా రోజూ గీసుకోవాలి. అది నియమం.

జేబు మీద పెట్టుకునే నల్ల బిళ్ళ మీద ‘ఎల్డర్ గెడ్డం’ అని తెల్లటి అక్షరాలు. గెడ్డం అన్నది ఇంటిపేరు. కడియం నర్సరీల్లో కవర్లలో మట్టి నింపి మొక్కలు పెట్టిన కుర్రాడు, మార్మన్ చర్చి తరఫున రెండేళ్ళు వాక్యం చెప్పడానికి సిడ్నీ వచ్చాడు. వాళ్ళ చర్చిలో కుర్రాళ్ళు అలా వెళతారు, ఎక్కడికి పంపితే అక్కడికి. వచ్చి ఏడాది దాటింది. అతని మాట విని ఇంతవరకూ ఒక్కరూ బాప్తిస్మం తీసుకోలేదు. వారానికోసారి ఫోనులో అమ్మ అదే అడుగుతుంది.

“ఒక్కరైనా నీళ్ళల్లో దిగేరా నాన్నా? ఇక్కడ మేవందరం ఉపాసాలుంటన్నాం.”

వంటింటి బల్ల మీద ఫోను మోగింది. జంట కుర్రాడు లాతు స్పీకరు నొక్కాడు. లాతుది టోంగా దీవి. గుమ్మంలో నిలబడితే గుమ్మం నిండిపోతుంది. ఇద్దరూ ఒకరి కంట ఒకరు పడకుండా ఎక్కడికీ వెళ్ళకూడదు. అదీ నియమమే.

ఎవరు ఇక్కడే ఉంటారు, ఎవరు ఊరు మారతారు అని కొన్ని వారాలకోసారి వచ్చే ఫోను అది. “ఎల్డర్ గెడ్డం, డబ్బో. రేపు పొద్దున బస్సు” అంది గొంతు. డబ్బో పడమటగా దూరాన, గోధుమ పొలాల మధ్య ఊరు. ఎందుకని ఎవరూ అడగరు.

ఫోను పెట్టేశాక లాతు తనకొచ్చిన ఇంగ్లీషులో నెమ్మదిగా అన్నాడు. “శనివారం తాతని నేను ముంచుతాను. మనిషి మాత్రం నీ మనిషే. అందరికీ నీ పేరే చెబుతాను.”

దానియేలు తల ఊపాడు. ఈ మధ్యాహ్నమే ఆనందరావు తాతగారికి బాప్తిస్మం ముందు చేసే ఇంటర్వ్యూ. అది అయిపోతే శనివారం నీళ్ళు, ఆదివారం అమ్మకు ఫోను. ఇంత దగ్గరకొచ్చాక ఈ డబ్బో మాట ఆయనకు చెప్పాలా వద్దా? తడిచేతులు తువాలుకు తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు.

ఎడ్మండ్‌సన్ పార్క్ వాళ్ళు తిరిగే శివారు పేట. వీధులన్నీ కొత్తవి. ఇళ్ళన్నీ ఒకటే బూడిదరంగు. ఇంటింటి ముందూ కర్రకు కట్టిన లేత చెట్టు. కట్టు బిగిసి బెరడు నలిగిన చెట్టు కనబడితే దానియేలు చెయ్యి ఊరుకోదు. అటూ ఇటూ చూసి ముడి వదులు చేస్తాడు. బెల్లు కొడితే చాలా ఇళ్ళల్లో మనిషి రాడు, గొంతు వస్తుంది. “నాట్ ఇంట్రెస్టెడ్, మేట్.”

ప్లాస్టిక్ మామిడాకులు కట్టిన గుమ్మం ఒకటి తెరుచుకుంది. చేతిలో గరిటెతో ఒకావిడ బిళ్ళ మీద పేరు చదివింది. “గెడ్డమా! మన తెలుగబ్బాయివా? ఏ ఊరు?”

“కడియమండి.”

“ఇంత దూరం ఫ్లైటెక్కొచ్చి ఇదేం పని బాబూ? మా చైత్రది నీ ఏజే, యూనిలో సెకండ్ ఇయర్. నువ్వూ ఏదో కోర్సులో జాయినవ్వచ్చుగా?”

“ఇదయ్యాక చూస్తానాంటీ.”

“సర్లే, చలిలో తిరుగుతున్నారు. ఇంత కాఫీ తాగి వెళ్ళండి.”

“కాఫీ తాగమండి.”

“పోనీ టీ?”

“అదీ తాగమండి.”

“కాఫీ కూడా వద్దనే దేవుడేం దేవుడయ్యా!” అని ఆవిడ గట్టిగా నవ్వి, లోపలికెళ్ళి రెండు అరటిపళ్ళు తెచ్చి లాతు చేతిలో పెట్టి తలుపేసుకుంది.

“ఏమంది?” అన్నాడు లాతు.

“దేవుడు మనల్ని చల్లగా చూడాలంది.”

ఇలాంటివి దానియేలు రోజూ చేస్తాడు. ఇటువాళ్ళ మాట అటువాళ్ళకు గుచ్చుకోకుండా చేరవేయడం అతనికి అలవాటైపోయింది.

మధ్యాహ్నానికి ఆనందరావు ఇంటికి వెళ్ళారు. గరాజు షట్టరు ఎత్తే ఉంది. ఆయన స్వెటరు మీద స్వెటరు వేసుకుని, మేజోళ్ళ మీద చెప్పులు తొడుక్కుని, వీధికేసి కూర్చున్నాడు. పొట్టి మనిషి, కుర్చీలో ఇంకా పొట్టిగా ఉన్నాడు. సామర్లకోట చక్కెర మిల్లులో చెరుకు బళ్ళు తూచే కాటా దగ్గర పనిచేశాడు. భార్య పోయాక కొడుకు కార్తీక్ తన దగ్గరికి తెచ్చుకున్నాడు. పగలు ఇంట్లో కోడలు నీలిమ ఉంటుంది గాని, పై గదిలో చెవులకు హెడ్‌సెట్టు తగిలించుకుని ఆఫీసు పనిలో ఉంటుంది. ఆయన మాట్లాడితే అవతల మీటింగులో వినబడుతుంది. అందుకని గరాజులో కూర్చుంటాడు.

మొదటిసారి వచ్చినప్పుడు దానియేలును ఊరడిగాడు, ఇంటిపేరడిగాడు, ఊళ్ళో ఏ పేటని అడిగాడు. జవాబు విని, ఉన్న ఒక్క కుర్చీకేసి చూశాడు. తరువాత లేచి లోపలికెళ్ళి ఇంకో కుర్చీ తెచ్చి తన కుర్చీ పక్కన వేశాడు. ఆ రోజు నుంచి వారంలో రెండుసార్లు వీళ్ళు రావడం, వాక్యం కాసేపు, కాటా కబుర్లు చాలాసేపు. పోయిన నెల దానియేలే చెప్పాడు. “మీరు ముందుకు రాకపోతే మేవింక రాకూడదండి. మా పెద్దలు ఒప్పుకోరు.” ఆయన గోడకేసి చూసి, “అయితే ముంచెయ్యండి” అన్నాడు.

“వచ్చేవా పెద్దాయనా!” అన్నాడు ఇప్పుడు. ఎల్డర్ అంటే పెద్దాయన అని తెలిసిన దగ్గర్నుంచీ అలాగే పిలుస్తాడు. “పేరు గెడ్డం, మొహాన గెడ్డం లేదు. బిరుదు పెద్దాయన, ఇంకా పాలబుగ్గలు. మీ కంపెనీలో అన్నీ ఇంతేనేంటి?”

దానియేలు నవ్వబోయాడు. ఇప్పుడే చెప్పేయాలి అనుకున్నాడు. అంతలో ఇంటర్వ్యూ చేసే హాన్సెన్ తన జంట కుర్రాడితో వచ్చేశాడు. హాన్సెన్ అమెరికా కుర్రాడు, దానియేలు కన్నా చిన్నవాడు, చలికి చెవులు ఎర్రబడి ఉన్నాయి. బోధించినవాళ్ళు ఇంటర్వ్యూలో కూర్చోకూడదు. కాని అక్కడ తెలుగొచ్చినవాడు ఇంకొకడు లేడు. లాతూ రెండో కుర్రాడూ కనబడేంత దూరంలో ఫుట్‌పాత్ మీద నిలబడ్డారు.

హాన్సెన్ ఇంగ్లీషులో అడిగాడు. దానియేలు తెలుగు చేశాడు. “దేవుడున్నాడని నమ్ముతున్నారా అండి?”

“ఉన్నాడు. ఈ వయసులో లేడనడానికి నాకు ధైర్యమేదీ?”

‘నమ్ముతున్నాను’ అని చేరవేశాడు దానియేలు.

“టీ కాఫీలు మానేశారా అండి?”

“మానేసేను. తలకాయ పగిలిపోతంది. కాఫీ ముట్టుకోటం లేదని మా కోడలు కంగారుపడి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ సర్దార్జీ డాక్టరు నాకు గుండె పరీక్షలు రాసేడు.”

‘మానేశాను’ అని చేరవేశాడు.

లోపలి తలుపు కొంచెం తెరుచుకుని నీలిమ తల బయటికి వచ్చింది. “మామయ్యగారూ, క్లయింట్ కాల్‌లో ఉన్నాను, కొంచెం స్లోగా, ప్లీజ్.” తలుపు మూసుకుంది. ఆనందరావు గొంతు తగ్గించాడు.

“బాప్తిస్మం ఎందుకు కావాలనుకుంటున్నారండి?”

“ఎందుకేంటి? నేను మునిగితే నువ్వు వస్తా ఉంటావు, మునక్కపోతే రావు. నువ్వే అన్నావుగా? మునిగితే పోయేదేవుంది, గోదాట్లో ఎన్నిసార్లు మునగలేదూ!”

దానియేలు నోరు తెరిచాడు. ‘ప్రభువును వెంబడించాలని’ అనే మాట నాలుక మీద సిద్ధంగా ఉంది. ఇంగ్లీషులో అయితే ఇంకా తేలిక. ఆ మాట అంటే చాలు, అమ్మ ఉపవాసం ఫలించినట్టే. హాన్సెన్ వినయంగా కాచుకుని ఉన్నాడు. ఆనందరావు దానియేలు పెదాలకేసి చూస్తున్నాడు, తన మాటలు ఇంగ్లీషులో ఎలా వినబడతాయోనని. ఆ ముఖంలో కాస్తంత కూడా అనుమానం లేదు.

ఆయన అన్నది అన్నట్టే చెప్పాడు. గోదావరితో సహా.

హాన్సెన్ చెవులు ఇంకా ఎర్రబడ్డాయి. కాసేపటికి మెల్లగా అడిగాడు. “నువ్వు రేపు వెళుతున్నావని ఆయనకు తెలుసా?”

దీన్ని తెలుగు చేయమని హాన్సెన్ అనలేదు. దానియేలు కుర్చీని ఆయన వైపు తిప్పుకున్నాడు. “తాతగారూ, నన్ను వేరే ఊరు మార్చేరండి. రేపే బస్సు.”

“ఎన్నాళ్ళకి?”

“మళ్ళీ ఇటు రానండి.”

“ఎప్పుడు తెలిసింది?”

“పొద్దున్న.”

“మరి రాగానే చెప్పలేదేం?”

దానియేలు జేబు మీది బిళ్ళ సర్దుకున్నాడు. ఆనందరావు అతన్ని కాటా మీది బండిని చూసినట్టు చూశాడు, ఎంతుందో అంచనా కట్టే చూపు.

“ఊఁ. వీళ్ళెవరికైనా తెలుగొచ్చా?” అన్నాడు హాన్సెన్ వైపూ, ఫుట్‌పాత్ వైపూ గెడ్డంతో చూపించి.

“రాదండి.”

“అయితే దుబాసీవి నువ్వేగా, చెప్పు. ముసలోడు మానుకున్నాడని చెప్పు.”

చెప్పాడు. హాన్సెన్ లేచి రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకుని, మీ ఇష్టమొచ్చినప్పుడు చర్చికి రండి అన్నాడు. ఆనందరావు ఆ మాటకు తెలుగు అడగలేదు. లోపలికెళ్ళాడు. స్టవ్ వెలిగిన చప్పుడు. కాసేపటికి డికాక్షన్ వాసన గరాజంతా కమ్ముకుంది. ఒక్క గ్లాసుతో వచ్చి, తన కుర్చీలో కూర్చుని, ఊదుకుంటూ చివరిదాకా తాగాడు.

“నీకివ్వకూడదుగా” అన్నాడు.

“ఇవ్వకూడదండి.”

“వెళ్ళు నాన్నా. చలిగా ఉంది.”

వాళ్ళు వాకిలి దాటకముందే షట్టరు దిగడం మొదలైంది. మోకాళ్ళు, మేజోళ్ళు, చెప్పులు కనబడ్డాయి. ఆ తరువాత ఇనప రేకు.

దారిలో హాన్సెన్, “సరైన పని చేశావు, ఎల్డర్” అన్నాడు. లాతు జేబులో మిగిలిన అరటిపండు తీసి దానియేలుకు ఇవ్వబోయి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

ఆ రాత్రి పెట్టె సర్దుకున్నాడు. చొక్కా ఇంకా ఆరలేదు, తడిదే మడత పెట్టాడు.

తెల్లవారి బస్సుకు వెళుతూ, శనివారం బాప్తిస్మం కోసం తీసుకున్న తాళంచెవి తిరిగి పెట్టడానికి చర్చి దగ్గర ఆగారు. లాతు ఆఫీసు గదిలోకి వెళ్ళాడు. దానియేలు అతను కనబడేటట్టు, బాప్తిస్మం తొట్టి పక్కనున్న బట్టల గది గుమ్మంలో నిలబడ్డాడు. తొట్టి ఖాళీగా పొడిగా ఉంది. బస్సు టైమవుతోందని లాతు పిలిచాడు. వస్తున్నానన్నాడు గాని కదల్లేదు.

గదిలో మేకుకు నీళ్ళల్లో దిగేవాళ్ళు వేసుకునే తెల్లబట్టలు ఒక జత వేలాడుతున్నాయి. ఉన్నవాటిలో అన్నిటికన్నా చిన్న సైజు, అయినా ఆనందరావుకు పొడుగే. కాళ్ళ దగ్గర లోపలికి మడిచి, ఎవరో లావు వేళ్ళవాడు తెల్లదారంతో దూరం దూరంగా కుట్లు వేశాడు. ఒక కాలు ఇంకోదాని కన్నా కాస్త పొడుగు వచ్చింది.